తక్కువ వెలుతురులో పూల మొక్క: ఎరువు వేసినా పూయదెందుకు?

నర్సరీ నుంచి ఇంటికి తెచ్చిన రోజున పీస్ లిల్లీకి నాలుగైదు తెల్లటి పూలుంటాయి. ఒకటి రెండు నెలల్లో అవి ఆకుపచ్చగా మారి వాడిపోతాయి. ఆ తర్వాత ఆకులైతే వస్తాయి గానీ పూలు రావు. ఇక సలహాలు మొదలవుతాయి. ఎరువు తక్కువైందని ఒకరు, భాస్వరం ఎక్కువున్న పొడి వేయాలని ఇంకొకరు, అరటి తొక్కల నీళ్లు పోయాలని మరొకరు చెబుతారు. అవన్నీ చేశాక కొన్ని వారాలకు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండడం మొదలవుతుంది. పూలు మాత్రం రావు. వేసింది చాలలేదేమోనని మరో చెంచా వేసేవారూ తక్కువేం కాదు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. మొక్కకు పోషకాలు సరిపోతున్నాయా అన్నది ఒకటి. మొక్క ఎందుకు పూయడం లేదన్నది మరొకటి. వెలుతురు తక్కువగా ఉన్నచోట పెరిగే మొక్క విషయంలో ఈ రెండింటికీ ఉన్న సంబంధం చాలామంది అనుకునేంత దగ్గరిది కాదు.

క్లుప్తంగా

వెలుతురును బట్టి మొక్క పెరుగుతుంది, పెరుగుదలను బట్టి పోషకాలు వాడుకుంటుంది. వాడుకోకుండా మిగిలిన ఎరువు కుండీలో లవణంగా పేరుకుని వేర్లను దెబ్బతీస్తుంది. కాబట్టి నీడలో ఉన్న మొక్కకు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నాలుగో వంతు, అదీ చాలా రోజులకోసారి ఇస్తే సరిపోతుంది. పూలు రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం వెలుతురు చాలకపోవడమే. కొన్నిసార్లు మొక్క వయసు, ఉష్ణోగ్రత, పగటి నిడివి కారణమవుతాయి. వీటిలో దేని లోటునూ ఎరువు తీర్చలేదు.

నర్సరీలో ఎలా పూసింది?

స్పాతిఫిల్లమ్ అనే శాస్త్రీయ నామం ఉన్న పీస్ లిల్లీ జాతులు ఎక్కువగా అమెరికా ఖండాల ఉష్ణమండల అడవులకు చెందినవి. పెద్ద చెట్ల కింద, తేమ నేలలో, వడగట్టినట్టు పడే వెలుతురులో బతకడం వాటికి అలవాటు. అందుకే ఇంట్లో ఏ మూల పెట్టినా అంత త్వరగా చావవు. నీడ మొక్క అన్న పేరు అలా వచ్చింది. అయితే నీడను తట్టుకోవడం వేరు, నీడలో పూయడం వేరు. అమ్మేటప్పుడు చెప్పేది మొదటిదే, కొనేవారు రెండోది కూడా అందులోనే ఉందనుకుంటారు.

వెలుతురును లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో అది సుమారు లక్ష లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట పది వేల లక్స్ దాటవచ్చు. అదే ఇంట్లో కిటికీకి దూరంగా, గది మధ్యలో కొలిస్తే చాలాసార్లు 100 నుంచి 300 లక్స్ మాత్రమే కనిపిస్తుంది. మన కంటికి ఇంత తేడా తెలియదు. కంటిపాప వెంటనే సర్దుకుంటుంది, పేపరు చదవగలిగితే గది వెలుతురుగా ఉన్నట్టే లెక్క. మొక్కకు అలా సర్దుకునే వీలు చాలా తక్కువ. ఆకు మీద పడిన కాంతి ఎంతో దానికి తయారయ్యే చక్కెర అంత.

ఇంటి మొక్కల విషయంలో సుమారు 250 నుంచి 1,000 లక్స్ వరకు తక్కువ వెలుతురు అని, అక్కడి నుంచి 5,000 లక్స్ దాకా మధ్యస్థం అని సాధారణంగా లెక్కేస్తారు. నర్సరీల్లో పీస్ లిల్లీని షేడ్ నెట్ కింద పెంచినా, దానికి అందేది దాదాపు 15,000 నుంచి 25,000 లక్స్. అంత వెలుతురులో నెలల తరబడి పెరిగిన మొక్క ఒక్కసారిగా 300 లక్స్‌లోకి వస్తే దానికి అందే కాంతి యాభయ్యో వంతుకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు పడిపోతుంది. ఇంటికి తెచ్చిన కొత్తలో కొన్ని కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంటాయి. వచ్చే కాస్త ఆదాయంతో పోషించలేని ఆకులను మొక్క వదిలించుకోవడమే ఇది. దీన్ని ఎరువు లోపం అనుకోవడంతోనే చాలా ఇళ్లలో పొరపాటు మొదలవుతుంది.

దీని వెనుక ఇంకో సంగతి ఉంది, కొనేవారికి దాన్ని చెప్పేవారు అరుదు. పీస్ లిల్లీలన్నీ అమ్మకం సమయానికి ఒకేసారి పూతతో ఉండాలంటే వాణిజ్య పెంపకందారులు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోన్ పిచికారీ చేస్తారు. ఒక్కసారి కొడితే చాలు, సుమారు 9 నుంచి 12 వారాల్లో మొక్కలన్నీ మొగ్గ తొడుగుతాయి. సహజంగా ఇంకా పూత వయసుకు రాని చిన్న మొక్కలు కూడా దాని ప్రభావంతో పూస్తాయి. ఆ ప్రభావం అక్కడితో సరి. చిన్న కుండీలో నిండుగా పూసి ఉన్న మొక్క ఇంటికొచ్చాక ఏడాది పాటు పూయకపోతే దాన్ని జబ్బు అనుకోనక్కర్లేదు, చాలా సందర్భాల్లో అది తన అసలు వయసుకు తిరిగి వచ్చిందంతే.

ఎరువు చేసే పని, చేయలేని పని

17వ శతాబ్దంలో యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ రసాయన శాస్త్రవేత్త ఓ ప్రయోగం చేశాడు. సుమారు 90 కిలోల ఎండు మట్టి తూచి కుండీలో పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్కను నాటాడు. ఐదేళ్లపాటు నీళ్లు తప్ప మరేమీ ఇవ్వలేదు. చివరికి చెట్టు సుమారు 77 కిలోలు తూగింది. మట్టి తగ్గింది మాత్రం 60 గ్రాముల లోపే. అతడు మరణించాక 1648లో ఈ వివరాలు అచ్చయ్యాయి. చెట్టు బరువంతా నీటి నుంచే వచ్చిందన్నది అతడి నిర్ధారణ. అది సగమే నిజం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పాత్ర ఆ తర్వాతి శతాబ్దాల్లో గానీ తేలలేదు. అయినా ఇంటి మొక్కకు ఎరువు వేసేవారికి ఆ 60 గ్రాముల లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

మొక్కను పూర్తిగా ఎండబెట్టి చూస్తే మిగిలే బరువులో దాదాపు 95 శాతం కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్‌లదే. ఇవి గాలి నుంచి, నీటి నుంచి వస్తాయి. వాటిని చక్కెరగా కూర్చే శక్తి కాంతిది. నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం, ఇనుము, జింక్ లాంటివన్నీ కలిపితే వచ్చేది ఆ మిగిలిన 5 శాతం చుట్టుపక్కలే. ఇవి లేకుండా మొక్క బతకదు. పత్రహరితానికి నత్రజని, మెగ్నీషియం కావాలి. కణాల్లో శక్తి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లాలంటే భాస్వరం కావాలి. నీటి ఒత్తిడి నిలకడగా ఉండడానికి పొటాషియం కావాలి. కానీ ఇవన్నీ సరుకులే. పొయ్యి వెలగని వంటింట్లో సరుకులు ఎంత నింపినా వంట కాదు.

మొక్క పెరుగుదల అన్నిటికన్నా తక్కువగా ఉన్న అవసరం దగ్గరే ఆగిపోతుందన్న సూత్రాన్ని 1828లో కార్ల్ స్ప్రెంగెల్ చెప్పాడు. 1840లో పుస్తకం రాసిన యుస్టస్ ఫాన్ లీబిగ్ పేరు మీద అది ప్రచారంలోకి వచ్చింది. పొలంలో ఎండకు కొదవ ఉండదు కాబట్టి అక్కడ చాలాసార్లు పోషకమో, నీరో తక్కువ పడుతుంది. అందుకే రైతు ఎరువు వేస్తే ఫలితం కనిపిస్తుంది. ఇంట్లో పరిస్థితి దీనికి తలకిందులు. కొత్త మట్టి మిశ్రమంలో పోషకాలుంటాయి, నీళ్లు రోజూ పోసేవారుంటారు, తక్కువ పడేది కాంతి. పొలంలో పనిచేసిన పద్ధతినే హాలు మూలలోని కుండీకి వర్తింపజేస్తే ఫలితం రాకపోగా నష్టం వస్తుంది.

ప్యాకెట్ మీది మూడు అంకెలు

ఎరువు ప్యాకెట్ మీద 20-20-20 అనో 19-19-19 అనో ఉంటుంది. వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్‌ల శాతాలవి. దీనిలో ఓ మెలిక ఉంది. మొదటి అంకె నేరుగా నత్రజని శాతమే. మిగతా రెండూ పాత అలవాటు ప్రకారం ఆక్సైడ్ రూపంలో చూపిస్తారు. అసలు భాస్వరం ఎంతో తెలియాలంటే రెండో అంకెను 0.44తో, అసలు పొటాషియం కోసం మూడో అంకెను 0.83తో హెచ్చించాలి. అంటే 20-20-20లో నిజంగా ఉండేది 20 శాతం నత్రజని, సుమారు 8.8 శాతం భాస్వరం, 16.6 శాతం పొటాషియం.

పూలకు భాస్వరం అన్న మాట ఎంత పాతుకుపోయిందంటే, 10-52-10 లాంటి పొడులు ప్రత్యేకంగా పూల కోసమే అమ్ముడవుతాయి. దీన్ని మొక్క అవసరంతో పోల్చి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఆకును ఎండబెట్టి పరీక్షిస్తే నత్రజని 2 నుంచి 4 శాతం, భాస్వరం 0.2 నుంచి 0.5 శాతం ఉంటాయి. అంటే నత్రజనిలో దాదాపు పదో వంతు. 10-52-10లోనేమో అసలు భాస్వరం సుమారు 23 శాతం, నత్రజనికి రెండింతల పైన. మొక్కకు కావాల్సిన నిష్పత్తికి ఇది ఇరవై రెట్లకు పైగా దూరం.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. భాస్వరం లోపించిన పొలాల్లో దాన్ని వేస్తే పూత, కాపు పెరగడం నిజం. లోపం లేనిచోట వేస్తే అలా పెరగదు. కుండీ మిశ్రమాల్లో భాస్వరం లోపించడం అరుదు. పైగా అది మరీ ఎక్కువైతే ఇనుము, జింక్ మొక్కకు అందడం తగ్గి లేత ఆకులు పసుపుబారతాయి. ఆ పసుపును చూసి మళ్లీ ఎరువు వేయడం ఇంకో తప్పు. తక్కువ వెలుతురు మొక్కలకు నత్రజని, భాస్వరం, పొటాష్ 3-1-2 నిష్పత్తిలో ఉన్న ఎరువు మేలన్నది ఇండోర్ మొక్కల పెంపకంలో చాలాకాలంగా ఉన్న సూచన. అది దొరక్కపోతే 20-20-20నే పల్చగా కలిపి వాడినా నష్టం లేదు. పల్చదనమే ఇక్కడ అసలు విషయం.

మోతాదు లెక్క

పెంపకందారులు ఎరువు బలాన్ని చెంచాల్లో చెప్పరు, నీటిలో నత్రజని ఎంతుందో పీపీఎంలో చెబుతారు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పీపీఎం. 20-20-20 పొడి ఒక గ్రామును లీటరు నీటిలో కలిపితే 200 మిల్లీగ్రాముల నత్రజని, అంటే 200 పీపీఎం. గ్రీన్‌హౌస్‌లో, మంచి వెలుతురులో, ఎదుగుతున్న మొక్కలకు నీళ్లు పోసిన ప్రతిసారీ 100 నుంచి 200 పీపీఎం ఇవ్వడం మామూలే. ప్యాకెట్ మీద రాసే మోతాదులు చాలావరకు అలా బాగా ఎదిగే మొక్కను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

గది లోపల మొక్కకు 50 పీపీఎం చాలు. అంటే లీటరుకు పావు గ్రాము. వంటింటి టీస్పూన్‌తో అంత తక్కువ కొలవడం కుదరదు. ఒక టీస్పూన్‌లో పొడిని బట్టి నాలుగైదు గ్రాములు పడుతుంది. దాన్ని లీటరు నీటిలో కలిపితే 800 నుంచి 1,000 పీపీఎం, కావాల్సిన దానికి 16 నుంచి 20 రెట్లు. కొసలు మాడిన మొక్కల్లో చాలావాటి కథ ఈ ఒక్క చెంచాలోనే ఉంది. తేలికైన దారి ఏమిటంటే, చిన్న డిజిటల్ త్రాసులో 5 గ్రాములు తూచి లీటరు నీటిలో కరిగించి సీసాలో మూత పెట్టి ఉంచుకోవడం. నీళ్లు పోసేటప్పుడు అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసి, మామూలు నీళ్లు చేర్చి మొత్తం ఒక లీటరు చేస్తే 50 పీపీఎం సిద్ధం. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టాలి.

ఎన్ని రోజులకోసారి అన్నది పూర్తిగా వెలుతురు మీదే ఆధారపడుతుంది. దాన్ని తెలుసుకునే పాత పద్ధతి ఒకటుంది. పట్టపగలు, మొక్క ఉన్నచోట, తెల్ల కాగితానికి జానెడు పైన చెయ్యి పెట్టి చూడాలి. నీడ అంచులు స్పష్టంగా కనిపిస్తే వెలుతురు బాగుంది. మసకగా కనిపిస్తే మధ్యస్థం. నీడే కనిపించకపోతే తక్కువ. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్‌లు కచ్చితమైనవి కాకపోయినా ఒకచోటికీ మరోచోటికీ తేడా చూపడానికి పనికొస్తాయి. నీడ కనిపించని చోట ఉన్న మొక్కకు రెండు మూడు నెలలకోసారి పల్చటి ఎరువు ఇస్తే చాలు. మసక నీడ పడే చోట నెల నుంచి ఆరు వారాలకోసారి ఇవ్వవచ్చు. కిటికీ పక్కన చురుగ్గా ఎదుగుతుంటే రెండు మూడు వారాలకోసారి.

వసంతం నుంచి ఎండాకాలం చివరిదాకా ఎరువు వేయాలి, చలికాలంలో ఆపేయాలి అన్న సలహా చలిదేశాల పుస్తకాల నుంచి వచ్చింది. అక్కడ చలికాలంలో పగటి నిడివి బాగా తగ్గిపోతుంది. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే ప్రాంతాల్లో క్యాలెండర్ కన్నా కొత్త ఆకును నమ్ముకోవడం మంచిది. నెల రోజుల్లో ఒక్క కొత్త ఆకైనా విచ్చుకోకపోతే మొక్క ఎరువు వాడుకునే స్థితిలో లేదన్నట్టే. కొత్తగా కొన్న మొక్కకు, కొత్త మట్టిలోకి మార్చిన మొక్కకు మొదటి రెండు మూడు నెలలు ఏమీ అక్కర్లేదు. మిశ్రమంలో ముందే కలిపిన ఎరువు అప్పటికింకా మిగిలే ఉంటుంది.

వేర్ల దగ్గర జరిగేది

నీటిలో కరిగే ఎరువులన్నీ రసాయనికంగా లవణాలే. వేరులోకి నీరు వెళ్లడానికి కారణం వేరు కణాల్లోని ద్రావణం బయటి మట్టి నీటికన్నా చిక్కగా ఉండడం. మట్టిలో లవణాలు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, వేరు నీటిని లాక్కోవడం కష్టమవుతుంది. మరీ ఎక్కువైతే వేర్ల చివర్లు ఎండిపోతాయి. కుండీ తడిగా ఉన్నా మొక్క దాహంతో వాలిపోయి కనిపించడం దీనివల్లే. ఆకు కొసలే ముందు మాడడానికీ కారణముంది. వేర్ల నుంచి వచ్చిన నీరు ఆకుల్లోంచి ఆవిరైపోతుంది, అందులోని లవణాలు మాత్రం ఆకు చివర్లలో చేరి మిగిలిపోతాయి.

తక్కువ వెలుతురు ఈ సమస్యను రెండు వైపుల నుంచి పెంచుతుంది. మొక్క పోషకాలు తక్కువ వాడుతుంది కాబట్టి మిగులు ఎక్కువ. నీళ్లు కూడా తక్కువ తాగుతుంది కాబట్టి యజమాని కొద్దికొద్దిగా పోస్తాడు. కుండీ అడుగు నుంచి నీరు బయటికి కారేంతగా ఎప్పుడూ పోయరు, నేల పాడవుతుందని. ఫలితంగా లోపలికి వెళ్లిన లవణం బయటికి వచ్చే దారే ఉండదు. మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొక్కులా పట్టేది అదే. కొళాయి నీరు కఠినజలమైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా దానికి తోడవుతాయి.

దీనికి మందు మంచినీళ్లే. కుండీని సింకులోనో బాత్రూంలోనో పెట్టి, కుండీ పరిమాణానికి కనీసం రెండింతల నీటిని నెమ్మదిగా పోసి పూర్తిగా కారిపోనివ్వాలి. 15 సెంటీమీటర్ల కుండీకి సుమారు నాలుగు లీటర్లు పడుతుంది. కింద పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి, లేకపోతే అదే లవణం మళ్లీ పైకి ఎక్కుతుంది. మూడు నాలుగు నెలలకోసారి ఇలా చేస్తే చాలు. అడుగున రంధ్రం లేని అలంకరణ కుండీల్లో ఇది కుదరదు. అలాంటి కుండీలోనే మొక్క నాటి ఉంటే ఎరువు జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇంకో జాగ్రత్త: ఎరువు నీటిని ఎండు మట్టిలో పోయకూడదు. ముందు మామూలు నీళ్లతో తడిపి, తర్వాత పోస్తే వేర్లకు దెబ్బ తగలదు.

పసుపు ఆకులన్నీ ఆకలి గుర్తులు కావు

నత్రజని తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని తీసి కొత్త ఆకులకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు మొత్తంగా పాలిపోతాయి. మెగ్నీషియం తక్కువైనా పాత ఆకులే పసుపుబారతాయి గానీ ఈనెల పక్కన పచ్చదనం మిగులుతుంది. ఇనుము ఒకసారి చేరిన ఆకులోంచి కదలదు కాబట్టి దాని లోపం లేత ఆకుల్లో కనిపిస్తుంది. ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను చెప్పే కొలత) పెరిగితే అది వేర్లకు అందదు. పీస్ లిల్లీకి 5.8 నుంచి 6.5 మధ్య పీహెచ్ సరిపడుతుంది.

ఇవన్నీ పాఠ్యపుస్తక లక్షణాలు. ఇంట్లో పసుపు ఆకులకు వీటన్నిటికన్నా మామూలు కారణం నీళ్లు ఎక్కువై వేర్లకు గాలి అందకపోవడం. వేరు కుళ్లితే మట్టిలో ఎన్ని పోషకాలున్నా మొక్క తీసుకోలేదు, పైకి మాత్రం పోషకాహార లోపంలాగే కనిపిస్తుంది. కుండీలోంచి మట్టిగడ్డను మెల్లగా బయటికి తీసి చూస్తే తేలిపోతుంది. వేర్లు తెల్లగా గట్టిగా ఉంటే బాగున్నట్టు. గోధుమరంగులో మెత్తగా, వాసన వేస్తుంటే ముందు ఆ సంగతి చూడాలి. ఆ స్థితిలో ఎరువు వేస్తే ఉన్న కాసిన్ని వేర్లూ పోతాయి.

నత్రజని రూపం కూడా లెక్కలోకి వస్తుంది

ఎరువులోని నత్రజని నైట్రేట్, అమ్మోనియం, యూరియా అనే మూడు రూపాల్లో ఉంటుంది. యూరియా ముందు అమ్మోనియంగా, ఆపై మట్టిలోని బాక్టీరియా వల్ల నైట్రేట్‌గా మారాలి. వెచ్చగా, గాలి ఆడే మట్టిలో ఈ పని చకచకా జరిగిపోతుంది. నీడలో చల్లగా, ఎప్పుడూ తడిగా ఉండే కుండీలో, పైగా కోకోపీట్ లాంటి మట్టిలేని మిశ్రమంలో అది మందగిస్తుంది. అమ్మోనియం పేరుకుని వేర్లకు హాని చేస్తుంది. 46 శాతం నత్రజని ఉన్న పొలం యూరియాను చిటికెడు చొప్పున ఇంటి మొక్కలకు వేయడం ఎందుకు మంచిది కాదో దీన్ని బట్టి తెలుస్తుంది. నైట్రేట్ వాటా ఎక్కువున్న ఎరువు నీడ మొక్కలకు సురక్షితం. ఆ వివరం ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

గుళికలు, వంటింటి చిట్కాలు

పైన పల్చటి పొర ఉండి, పోషకాలను నెమ్మదిగా విడుదల చేసే ఎరువు గుళికలు సౌకర్యంగానే ఉంటాయి. వాటి విడుదల వేగాన్ని ప్రధానంగా ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది, వెలుతురు కాదు. గది వేడిగా, చీకటిగా ఉంటే మొక్కకు అక్కర్లేకపోయినా పోషకాలు బయటికి వస్తూనే ఉంటాయి. ఒకసారి మట్టిలో కలిపాక వెనక్కి తీయడమూ కష్టమే. వాడాలనుకుంటే రాసిన దాంట్లో సగానికన్నా తక్కువ వాడాలి.

అరటి తొక్కలో పొటాషియం ఉన్న మాట నిజమే. నీటిలో నానబెడితే అందులో కొంత దిగుతుంది. నత్రజని దాదాపు ఉండదు, ఎంత పొటాషియం దిగిందో కొలిచే దారీ లేదు. కాఫీ పిప్పిలో సుమారు 2 శాతం నత్రజని ఉన్నా అది కుళ్లితే గానీ మొక్కకు అందదు, తడి కుండీ పైన వేస్తే బూజు పడుతుంది. గుడ్డు పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేట్, పీహెచ్ ఏడు దగ్గరున్న నీటిలో అది కరగదనే చెప్పాలి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, మెగ్నీషియం లోపం ఉంటే తప్ప దానివల్ల ప్రయోజనం లేదు. ఇవన్నీ పెరటి మట్టిలో, వానపాములూ సూక్ష్మజీవులూ ఉన్నచోట చక్కగా కలిసిపోతాయి. గది లోపల తడి మట్టి మీద మాత్రం చిన్న నల్ల దోమల్లాంటి ఫంగస్ నాట్స్‌కు విందు అవుతాయి. ఇలాంటి సేంద్రియ ఎరువుల్లో వర్మికంపోస్టు (వానపాముల ఎరువు) ఒక్కటే కొంత నయం. మట్టి మార్చేటప్పుడు పదో వంతు కలిపితే సరి.

మొక్కను బట్టి పూత రహస్యం

ఆంథూరియం ఎదిగిన తర్వాత దాదాపు ప్రతి ఆకు మొదట్లో ఒక పువ్వు మొగ్గ తయారవుతుంది. ఆకులు ఎన్నో పూలు అన్ని అన్నమాట. వెలుతురు చాలకపోతే ఆకు వస్తుంది, దాని వెంట ఉన్న మొగ్గ ఎదగక ఆగిపోతుంది. ఇక్కడ ఎరువుకు కొంత పాత్ర ఉంది, కొత్త ఆకులకు సరుకు అందిస్తుంది. మొగ్గ నిలబడేది మాత్రం కాంతి వల్లే.

ఆఫ్రికన్ వయొలెట్ టాంజానియా, కెన్యా కొండల్లో నీడపట్టు రాళ్ల మధ్య పెరిగే మొక్క. రోజుకు దాదాపు 12 గంటలు మెత్తటి వెలుతురు అందితే ఏడాదంతా పూస్తుంది. ఆగకుండా పెరుగుతుంది కాబట్టి దానికి నీళ్లు పోసిన ప్రతిసారీ చాలా పల్చటి ఎరువు ఇచ్చే పద్ధతి నడుస్తోంది. అదే మొక్క చీకటి మూలలో ఉంటే ఈ పద్ధతి దాన్ని చంపుతుంది.

ఫలెనాప్సిస్ ఆర్కిడ్ లెక్క వేరు. ఉష్ణోగ్రత కొన్ని వారాలపాటు 25 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే గానీ అది పూల కాడ వేయదు. ఎప్పుడూ 28 డిగ్రీలు దాటి ఉండే గదిలో ఎంత పోషించినా ఆకులే వస్తాయి. క్లైవియాకు కొన్ని వారాల చల్లటి విశ్రాంతి కావాలి. క్రిస్మస్ కాక్టస్‌కు పొడవైన చీకటి రాత్రులు కావాలి, రాత్రిపూట గదిలో లైటు వెలుగుతూ ఉంటే అది మొగ్గ తొడగడం మానేయవచ్చు. వీటిలో ఏ సంకేతమూ ఎరువు సీసాలో దొరకదు.

పూలు కావాలంటే

మొదట చేయాల్సింది కుండీని కిటికీ దగ్గరికి జరపడం. కిటికీ నుంచి రెండు మీటర్లు వెనక్కి వెళ్తే వెలుతురు చాలా గదుల్లో కొద్ది వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒక మీటరు ముందుకు జరిపినా తేడా తెలుస్తుంది. నేరుగా ఎండ పడకుండా పల్చటి తెర ఉంటే చాలు. నీడకు అలవాటు పడిన ఆకులు ఒక్కసారిగా ఎండ తగిలితే మాడిపోతాయి, అందుకే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా జరపాలి. కిటికీ లేని చోట మామూలు తెల్లటి ఎల్‌ఈడీ బల్బును మొక్కకు జానెడు, జానెడున్నర పైన ఉంచి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించినా పనవుతుంది. ఊదారంగు గ్రో లైట్లే కావాలనేం లేదు.

వెలుతురు పెంచిన తర్వాత లెక్క మారుతుంది. మొక్క నీళ్లు త్వరగా తాగుతుంది, కొత్త ఆకులు తరచూ వస్తాయి, అప్పుడు పోషకాలు నిజంగానే తక్కువ పడవచ్చు. కొత్త ఆకులు వరసగా రెండు మూడు విచ్చుకున్నాక 50 పీపీఎం నుంచి 100 పీపీఎంకు పెంచవచ్చు. ఈ వరస తిరగేసి ముందు ఎరువు, తర్వాత వెలుతురు అంటే పనిచేయదు. పూలు వెంటనే కనిపించవు. పీస్ లిల్లీలో కొత్త చోట పెరిగిన ఆకుల మధ్య నుంచి మొగ్గ రావడానికి నెలలు పడుతుంది, చిన్న మొక్కయితే ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. వచ్చిన పువ్వు కొన్ని వారాలకు ఆకుపచ్చగా మారితే అది లోపం కాదు. తెల్లగా కనిపించేది నిజానికి రంగు మారిన ఆకు, అసలు పూలు మధ్యలోని కాడ మీద గింజల్లా ఉంటాయి. వాటి పని అయిపోయాక ఆ తెల్ల ఆకు మళ్లీ పచ్చబడుతుంది. అప్పుడు కాడను మొదలు దాకా కత్తిరించవచ్చు.